కాలువకి అడ్డం

మా వీధిలో వాన పడదు, వచ్చి దిగుతుంది అనేవాడు మా ఆయన. పై వీధుల్లో కురిసిన నీళ్లన్నీ పల్లం వెతుక్కుంటూ మా గుమ్మాల ముందుకు చేరి, కొత్త అల్లుడిలా ఎన్నాళ్లయినా కదలకుండా కూర్చునేవి. మంచాల కోళ్ల కింద ఇటుకలు, బియ్యం డబ్బా కింద ఇటుకలు, గుమ్మంలోంచి రోడ్డు దాకా నడవడానికి ఇటుకలు. వానాకాలమంతా మా బతుకు ఇటుకల మీదే. మా ఆయనది కటింగ్ షాపు. వీధికి దిగువన, గోడౌన్ ప్రహరీకి ఆనుకుని ఉండేది. వానల్లో గడ్డం గీయించుకునేవాళ్లు కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చునేవారు. "కాళ్లు కడిగినందుకు వేరే తీసుకోను లెండి, కూర్చోండి" అని ఆయన నవ్వించేవాడు.

ఆ నవ్వులాటంతా ఒక ఏటి వానలతో పోయింది. మా వదిన మనవరాలు, నాలుగేళ్లది, మురుగునీళ్లు ఇంట్లోకి వచ్చిన వారానికి జ్వరం తగిలి ఆసుపత్రిలో కన్నుమూసింది. అదే జ్వరం మా పిల్లకీ వచ్చింది. మా పిల్ల దక్కింది. ఈ రెండు మాటలూ పక్కపక్కన చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే.

వదిన అంటే మా ఆయన అక్క. మా ఎదురిల్లే. అమ్మానాన్నా పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. స్పిన్నింగ్ మిల్లులో పనిచేసి, ఆ మోతలో మాట్లాడీ మాట్లాడీ, పక్కనున్నవాళ్లతో కూడా అవతలి గట్టున ఉన్నవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడేది. తండ్రి పోయినప్పుడు షాపు అమ్మేయమని చుట్టాలంతా చెవినిల్లు కట్టుకుని పోరారట. "వాడు పెద్దవాడయ్యేదాకా తాళం వేసి ఉంచుతాను" అని ఆవిడ కత్తెరలకి నూనె రాసి గుడ్డలో చుట్టి దాచింది. ఆ కత్తెరలతోనే మా ఆయన పని నేర్చుకున్నాడు.

మనవరాలు పోయాక కూతురూ అల్లుడూ ఆ ఇంట్లో ఉండలేక వేరే చోటికి వెళ్లిపోయారు. వదిన ఒక్కతే మిగిలింది. ఆవిడ ఏడవగా మేం చూడలేదు. చలికాలమంతా తలుపు దగ్గరగా వేసుకుని ఉండిపోయింది. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఉదయం పార భుజాన వేసుకుని బయటికి వచ్చింది. నేను వీధిలో కూర్చుని రెడీమేడ్ చొక్కాలకి కాజాలు కుడుతున్నాను.

"ఏంటి వదినా, పారతో బయల్దేరారు?" అన్నాను.

"దిబ్బ తవ్వడానికి."

మా వీధి మొదట్లో చెత్తదిబ్బ ఉండేది. నేను కాపురానికి వచ్చినప్పటికే అది మనిషి ఎత్తు. కాలువన్నది ఎప్పుడో దాని కింద పూడుకుపోయింది.

"మీరొక్కరే?"

"చావుకి అందరూ వచ్చారుగా అమ్మాయ్. దీనికి ఎంతమంది వస్తారో చూద్దామని."

ఆ గొంతుకి వీధి మొత్తానికీ వినబడింది. ముందు అందరూ కిటికీల్లోంచి చూశారు. మా ఆయన షాపు షట్టర్ సగం దించి, లుంగీ ఎగ్గట్టి, చేతులు ఊపుకుంటూ వచ్చాడు. ఆదివారం పూట, బేరాలు ఎక్కువుండే రోజు. తర్వాత రిటైరైన బస్సు కండక్టరు వచ్చాడు. ఆయన్ని వీధంతా కండక్టర్ బాబాయ్ అనేవాళ్లం. ఆయన పార పట్టుకోలేదు గానీ విజిల్ తెచ్చుకున్నాడు. మధ్యాహ్నానికి దిబ్బ చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం.

అక్కడితో మొదలైంది. వారం వారం ఏదో ఒక పని. దిబ్బ తీశారు, ఆ చోట మట్టి చదును చేశారు, వెలగని దీపాలకి బల్బులు పెట్టించారు, గోడలకి సున్నం వేశారు. వదిన కాలికి బలపం కట్టుకుని తిరిగేది. ఈ సంగతి విని, ఇలాంటి వీధుల్ని బాగుచేసే ఒక సంస్థ నుంచి ఒక అమ్మాయి స్కూటర్ మీద వచ్చింది. చిన్నపిల్లే. హెల్మెట్ చంకలో పెట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూసింది.

"చెత్త తీసుకున్నారు, బాగుంది. కానీ నీళ్లు పోవడానికి దారి లేదు కదా. పైపులూ సిమెంటూ ఇంజనీరూ మేం చూసుకుంటాం, మునిసిపాలిటీ అనుమతి కూడా తెస్తాం. స్థలం, మనుషులు మీ వంతు. వీధి పొడవునా నేల ఖాళీ చేసివ్వాలి. మళ్లీ వానలు రాకముందే అయిపోవాలి" అంది.

నేల ఖాళీ చెయ్యడమంటే మాటలా? ప్రతి ఇంటివాడూ మెట్లో, నీళ్ల తొట్టో, మరుగు గోడో రోడ్డు మీదికి ముందుకు జరుపుకున్నవాడే. ఇంటింటికీ తిరిగి చెప్పినా గోడకి చెప్పినట్టే ఉంది. అప్పుడు మా ఆయన రంగంలోకి దిగాడు. వదిన వాకిట్లో చెప్పి ఒప్పించలేనివాళ్లని ఆయన కుర్చీలో కూర్చోబెట్టి ఒప్పించేవాడు. నేను మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్లినప్పుడు స్వయంగా చూశాను. వీధిలో అందరికంటే మొండివాడు దర్జీ. ఒక చెంప గీసి, రెండో చెంపకి నురుగు రాసి, కత్తి ఎత్తి పట్టుకుని మా ఆయన అడిగాడు.

"మెట్లు ఎప్పుడు తీస్తున్నారన్నా?"

"చూద్దాంలే, ఆలోచించాలి" అన్నాడు దర్జీ.

"అలాగే, తీరిగ్గా ఆలోచించండి" అని మా ఆయన కత్తి మూసి పెట్టి, టీ తాగడానికి ఎదురు బంకుకి వెళ్లిపోయాడు. దర్జీ కాసేపు అద్దంలో తన మొహం తానే చూసుకున్నాడు. తర్వాత సగం నురుగుతో గుమ్మంలోకి వచ్చి, "సరేనయ్యా, తీస్తాను, ముందు ఇది తియ్యి" అన్నాడు. వీధి వీధంతా నవ్వింది. వదిన కూడా నవ్వింది. మనవరాలు పోయాక అదే మొదలు.

అప్పట్లో మా ఆయన మంచి మాటకారి. ఆ వేసవిలో ఆయన మాటలే సగం పని చేశాయి. నేను వెనక్కి తిరిగి ఆలోచిస్తే అదే ముందు గుర్తొస్తుంది. వీధిలో మెట్లన్నీ తీయించింది ఆయనే.

నేల ఖాళీ అయ్యాక ఇంజనీరు వచ్చాడు. సన్నగా, తక్కువ మాటల మనిషి. టేపు పట్టుకోవడానికి ఒకరు, సున్నం పోయడానికి ఒకరు. దిబ్బ ఉన్న చోటు నుంచి తెల్లగీత మొదలుపెట్టి, వీధి వెంట దారం పట్టినట్టు తిన్నగా గీసుకుంటూ వచ్చారు. పిల్లలు గీతకి అటూ ఇటూ పరిగెత్తారు. షాపులో ఎవరికో కటింగ్ చేస్తున్న మా ఆయన దువ్వెన చేత్తో పట్టుకునే బయటికి వచ్చి చూశాడు. గీత వచ్చి వచ్చి షాపు గుమ్మం దగ్గర ఆగింది.

"ఇక్కడితో ఆగిందా?" అన్నాడు మా ఆయన.

"ఆగదండీ" అన్నాడు ఇంజనీరు. షాపు వెనక గోడ కేసి చూపించాడు. దాని వెనకే పెద్ద కాలువ. నీళ్లు అందులో పడాలి.

మా ఆయన లోపలికి వెళ్లి కటింగ్ పూర్తి చేశాడు. ఆ మనిషికి మెడ వెనక వెంట్రుకలు దులిపి, పౌడర్ కూడా రాసి పంపించాడు.

ఇంకో దారి లేకపోలేదు. గోడౌన్ ఆవరణలో ఒక మూల నుంచి పైపు తిప్పితే షాపు జోలికి పోకుండా కాలువలో కలపొచ్చని ఇంజనీరే చెప్పాడు. వదినా, సంస్థ అమ్మాయీ, నేనూ గోడౌన్ యజమాని దగ్గరికి వెళ్లాం. పెద్ద బల్ల, చల్లటి గది. మమ్మల్ని కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు. అంత మర్యాదగా మాతో అంతకు ముందు ఎవరూ మాట్లాడలేదు.

"మీరు చేస్తున్నది చాలా మంచి పనమ్మా. నేనూ విన్నాను" అన్నాడు.

"అయితే ఆ మూల ఇస్తారా బాబూ?" అంది వదిన.

"మంచి పని కాబట్టే ఆలోచించి చెయ్యాలి."

"ఆ మూలలో పాత టైర్లు తప్ప ఏమీ లేవు కదా."

"ఈ రోజుకి లేవమ్మా" అన్నాడు ఆయన, అంతే మెత్తగా.

తోడల్లుడితో భాగస్వామ్యం అన్నాడు, అతను ఊళ్లో లేడన్నాడు, కబురు చేస్తానన్నాడు. కబురు వాచ్‌మన్ చేత వచ్చింది. కుదరదట. వదిన మళ్లీ వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. మునిసిపాలిటీకి వెళ్తే, అది సొంత స్థలం, మేం చెయ్యగలిగింది లేదన్నారు. మా షాపు ఉన్నది మాత్రం ఎవరి సొంత స్థలమూ కాదు. మామగారి కాలంలో నాలుగు రేకులతో మొదలై, గోడలు లేచి, షట్టర్ వచ్చింది. కాగితం లేదు. ఉన్నదల్లా అలవాటు.

ఆ సాయంత్రం వదిన ఇంటి ముందు అందరూ చేరారు. మా ఆయన రాలేదు. షాపులో ఎవరూ లేరు, అయినా రాలేదు. నేను మా గుమ్మంలోనే కూర్చుని విన్నాను. అందరూ నేల చూపులు చూస్తున్నారు. సంస్థ అమ్మాయి గొంతు సవరించుకుని, పైపులు సిద్ధంగా ఉన్నాయనీ, ఈ వారంలో తేలకపోతే ఎదురుచూస్తున్న ఇంకో వీధికి వెళ్లిపోతాయనీ చెప్పింది. బెదిరించినట్టు చెప్పలేదు పాపం. ఆ అమ్మాయికీ బాధగానే ఉంది.

"మావి మెట్లు. పోతే మెట్లు పోయాయి" అన్నాడు దర్జీ. "అతనిది పొట్టకూడు. నేనైతే అడగలేను."

"సంస్థవాళ్లు మన వీధి సంఘానికి గది కట్టిస్తామన్నారుగా. అందులో ఒక మూల అతనికిచ్చేస్తే సరి" అన్నాడు కండక్టర్ బాబాయ్.

ఆ మాటతో అందరికీ ఊపిరి వచ్చింది. అవునవునంటే అవునవునన్నారు. సంస్థ అమ్మాయి మాత్రం, "ప్రయత్నిద్దాం" అంది. ఆ మాటని మేమందరం ఇస్తామన్నట్టే విన్నాం.

"వాణ్ణి నేను అడుగుతాను" అంది వదిన. "మీరెవరూ మాట్లాడకండి."

చీకటి పడుతుండగా మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ గుమ్మం దాటకముందే కేకేసే మనిషి, ఆ రోజు వచ్చి నిలబడ్డాక గానీ మాకు తెలియలేదు. మా ఆయన కింద కూర్చుని కత్తెర సాన పడుతున్నాడు.

"రా అక్కా, భోంచేద్దాం" అన్నాడు.

కూర్చుంది. తిన్నానంటే తిన్నాననిపించుకుంది. మా పిల్లని దగ్గరికి లాక్కుని జడ విప్పి మళ్లీ అల్లింది. అంత నెమ్మదిగా ఆవిడ మాట్లాడ్డం నేను ఎప్పుడూ వినలేదు.

"రేపో ఎల్లుండో పైపులు దింపుతారటరా."

"అవునట."

"బాగా పెద్దవట."

"పిల్లలు దూరేంత ఉంటాయట" అన్నాడు మా ఆయన. అని, నాలిక్కరుచుకున్నాడు. వదిన చేతులు జడ మీద ఆగిపోయాయి. మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. రిబ్బను ముడి వేసి, లేచి నిలబడింది.

"వస్తాను మరి."

"ఇంకేమన్నా ఉందా అక్కా?"

వదిన గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడింది.

"ఏం లేదురా" అని వెళ్లిపోయింది.

ఆవిడ తలుపు వేసుకున్న చప్పుడు వినబడ్డాక నేను అన్నాను.

"అడగలేదుగా. అడగనిదాన్ని మనం ఇవ్వక్కర్లేదు."

ఆయన సానరాయి కడిగి ఆరబెట్టాడు.

"ఆ గోడౌన్ ఆయనకి లేని జాలి మనకెందుకండీ? మన పొట్ట కొట్టుకుని ఊరికి ఉపకారం చెయ్యమని ఎక్కడుంది?"

"పోయినేడు దాని ఒళ్లు ఎలా కాలిపోయిందో మర్చిపోయావా?" అన్నాడు, పడుకోబోతున్న పిల్ల వైపు చూస్తూ.

"మర్చిపోలేదు. రేపటి తిండి సంగతి మీరు మర్చిపోతున్నారు."

"గదిలో చోటిస్తారటగా."

"ఇస్తామని ఎవరన్నారు?"

ఆయన కత్తెర గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. నేను తెల్లారి ఇంకోసారి గట్టిగా చెబుదామనుకుని పడుకున్నాను.

పొద్దున్నే ఆయన పక్క మీద లేడు. షాపు దగ్గరికి వెళ్లేసరికి గోడకున్న అద్దం మరలు విప్పుతున్నాడు. గోడంత అద్దం, మామగారు కొన్నది, అంచుల్లో పాదరసం పోయి మచ్చలు పడింది. పైవి రెండూ విప్పేశాడు. కింది మర తుప్పు పట్టి రావడం లేదు. ఒక చేత్తో అద్దాన్ని గోడకి అదిమి పట్టుకుని ఇంకో చేత్తో తిప్పుతున్నాడు. నేను అందుకోబోయేలోపు నా పక్కనుంచి వదిన లోపలికి వచ్చింది. ఒక్క మాట కూడా అనకుండా అద్దం రెండో చివర పట్టుకుంది. మర ఊడింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా ఆయన ఎవరూ అడగకుండానే పెట్టాడు.

అక్కా తమ్ముళ్లిద్దరూ అద్దాన్ని చెరో వైపూ పట్టుకుని వీధి వెంట మా ఇంటికి నడిచారు. అడుగు అడుగుకీ అద్దంలో ఒక్కో ఇల్లూ వచ్చి వెళ్లిపోయింది. గుమ్మాల్లో నిలబడ్డవాళ్లు అందులో తమ మొహాలు పడకుండా ఒక్కొక్కరే లోపలికి తప్పుకున్నారు.

గోడలు పడగొట్టేటప్పుడు ఆయన అక్కడ లేడు. పై వీధిలో మంచాన పడ్డ పెద్దాయనకి గడ్డం చేసి రావాలని సంచీ పట్టుకుని వెళ్లాడు. తిరిగొచ్చేసరికి షాపు ఉన్న చోట ఆకాశం, దాని కింద పెద్ద కాలువ కనిపిస్తున్నాయి. నిలబడి చూసి, "ఇంత వెలుతురు ఎప్పుడూ లేదే ఇక్కడ" అన్నాడు. అదే ఆ వేసవిలో ఆయన వేసిన చివరి జోకు. ఎవరూ నవ్వలేదు.

తవ్వకం జరిగినన్నాళ్లూ వీధంతా దుమ్ము. కుర్చీ మా ముందు గదిలోకి వచ్చింది. ఇనప కుర్చీ, నలుగురు మోస్తే గానీ కదలదు. అది వచ్చాక ఆ గదిలో మంచానికి చోటు లేకపోయింది. అద్దాన్ని గోడకి ఆనించి దుప్పటి కప్పాం. మొదట్లో వీధివాళ్లు కటింగుకి మా ఇంటికే వచ్చారు. దర్జీ వచ్చాడు, కండక్టర్ బాబాయ్ వచ్చాడు. వచ్చి కూర్చుని, అద్దం లేని గోడకేసి చూస్తూ, "ఇంకెంత, గది అయిపోతే నీ చోటు నీకొచ్చేస్తుంది" అని ఎవరికి వాళ్లే చెప్పుకున్నారు. నేను వంటింట్లో కూర్చుని కాజాలు కుట్టుకుంటూ వినేదాన్ని. ఆయన కత్తెర చప్పుడు వినబడేది, ఆయన మాట వినబడేది కాదు. వచ్చేవాళ్లు పలచబడ్డారు. ఆయన ముందు తల వంచి కూర్చోవడానికి వాళ్లకి మొహం చెల్లలేదు. కొన్నాళ్లకి వేరే ఎక్కడో చేయించుకున్న కొత్త కటింగులతో కనబడేవారు. మమ్మల్ని చూడగానే చెయ్యి తల మీదకి పోయేది.

మబ్బులు పట్టేనాటికి కాలువ మీద పలకలు పరిచేశారు. మొదటి పెద్ద వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. అలవాటు కొద్దీ నేను బియ్యం డబ్బా ఎత్తు మీద పెట్టి, ఇటుకల కోసం వెతుకుతున్నాను. బయట ఎవరో కేకేస్తే వెళ్లి చూశాను. వీధంతా గుమ్మాల్లోకి వచ్చేసింది. పై నుంచి ఎర్రటి నీళ్లు ఎప్పట్లాగే విరుచుకుపడుతూ వచ్చాయి. వచ్చి, కాలువ నోటికి బిగించిన ఇనప జాలీ దగ్గర గిర్రున తిరిగి, లోపలికి దిగిపోయాయి. ఎంత వచ్చినా దిగిపోతూనే ఉన్నాయి.

"అమ్మా, నీళ్లు మనింటికి రావట్లేదేం?" అంది మా పిల్ల.

కండక్టర్ బాబాయ్ ఆ వయసులో వానలో నిలబడి విజిల్ వేశాడు. దర్జీ భార్య నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. వదిన దిగువకి నడిచింది. షాపు ఉన్న చోట పలకల మీద నిలబడింది. అడుగున నీళ్లు పోతున్న మోత మా గుమ్మం దాకా వినబడుతోంది. ఆవిడ ఆ మోత వింటూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒళ్లంతా కదిలిపోయేలా ఏడ్చింది. నేను గొడుగు తీసుకుని వెళ్లాను. ఆవిడ మీద నాకున్న కోపం దారిలో ఎక్కడో జారిపోయింది. మళ్లీ తర్వాత దొరికిందనుకోండి, అది వేరే సంగతి.

సంఘం గది దిబ్బ ఉన్న చోటే కట్టారు. రంగులు వేశారు, బల్లలు తెచ్చారు. ఈలోగా స్కూటర్ అమ్మాయిని ఇంకో ఊరికి మార్చారు. ఆ అమ్మాయి బదులు వచ్చిన అధికారి మర్యాదస్తుడే, మా మాటంతా విన్నాడు.

"ఇది అందరి గదండీ. ఒకరి వ్యాపారానికి ఇస్తే రేపు ఇంకొకరు అడుగుతారు. నిబంధనలు ఒప్పుకోవు" అన్నాడు.

"మాటిచ్చారు కదండీ" అంది వదిన. మిల్లు గొంతుతోనే అంది.

"ఎవరిచ్చారమ్మా?"

ఆవిడ మా అందరి వైపూ చూసింది. కండక్టర్ బాబాయ్ కాసేపు వాదించాడు. దర్జీ కూడా రెండు మాటలన్నాడు. వదిన ఆ ఆఫీసుకి ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలీదు, చెప్పులరిగేలా తిరిగింది. ఏమీ కాలేదు. గదిలో సాయంత్రాలు పిల్లలకి చదువు చెప్పడం మొదలైంది. అందరి పిల్లలతో పాటు మా పిల్లా పుస్తకాల సంచీ తీసుకుని వెళ్లేది. పంపనని అనడానికి నాకు నోరు రాలేదు.

మా ఆయన పెద్ద రోడ్డుకి అవతల, చాలా దూరంలో ఉన్న ఒక సెలూన్‌లో పనికి కుదిరాడు. యజమాని ఆయన కంటే బాగా చిన్నవాడు. అక్కడ పొద్దస్తమానం పాటలు పెడతారు. కస్టమర్లతో కబుర్లు వద్దు, చెయ్యి తొందరగా కానివ్వండి అని మొదటి రోజే చెప్పాడట. ఆ సంగతి ఆయన నాకు చెప్పి, "నిజమేలే, మాట్లాడితే పని ఆలస్యమవుతుంది" అన్నాడు. తర్వాత తర్వాత ఇంట్లో కూడా పాటలు మోగుతున్నట్టే ఉండేవాడు. ఏదైనా రెండుసార్లు అడిగితే గానీ పలికేవాడు కాదు. పనికి వెళ్లేటప్పుడు దిగువ నుంచి అయితే దగ్గర. ఆయన చుట్టు తిరిగి పై వీధి మీదుగా వెళ్లేవాడు.

వానలు ఇంకా పూర్తిగా వెళ్లలేదు. ఒక రోజు వచ్చి, సెలూన్ దగ్గర్లో రెండు గదుల ఇల్లు చూశానన్నాడు. ఎందుకని నేను అడగలేదు.

సామాను ఎక్కించే రోజు సన్నగా ముసురు పడుతోంది. వీధి శుభ్రంగా ఉంది. గోడలు తెల్లగా ఉన్నాయి. మా వీధి అంత అందంగా అంతకు ముందెప్పుడూ లేదు. కండక్టర్ బాబాయ్, దర్జీ వచ్చి కుర్చీ ఎత్తడానికి సాయం పట్టారు. ఎవరూ ఆయన్ని ఉండమనలేదు. ఏ మొహంతో అంటారు? మా ఆయన బండి మీద తాడు బిగిస్తుంటే వదిన రోడ్డు దాటి వచ్చింది.

"నేను నిన్ను అడగలేదురా" అంది.

"అవునక్కా" అన్నాడు, తాడు మీంచి చూపు తిప్పకుండా. "అడిగి ఉంటే బాగుండేది."

"అడిగితే కాదనేవాడివా?"

"ఎందుకంటాను? ఇచ్చేవాణ్ణే." ముడి వేసి లాగి చూశాడు. "నువ్వు అడిగుంటే నేను ఇచ్చినట్టుండేది. ఇప్పుడు నాది పోయినట్టుంది."

కోపంగా అనలేదు. లెక్కలో ఎక్కడ తప్పొచ్చిందో చూసి చెప్పినవాడిలా అన్నాడు. వదిన ఏదో అనబోయింది. బండి మీద కూర్చోబెట్టిన మా పిల్ల తల మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. బండి కదిలాక, నాలుగడుగులు దాంతో పాటు నడిచి, అప్పుడు తీసింది.

ఇప్పటికీ అప్పుడప్పుడు బస్సెక్కి మా ఇంటికి వస్తుంది. వీధి కబుర్లు చెబుతుంది. మొక్కలు పెరిగాయట, వేరే ఊళ్ల నుంచి మనుషులు వచ్చి మా వీధిని చూసి, ఫోటోలు తీసుకుని వెళ్తున్నారట. ఆ గొంతుతోనే చెబుతుంది, కానీ మధ్యలో ఆగి తమ్ముడి మొహం చూస్తుంది. ఆయన వింటాడు. టీ తాగమంటాడు. బస్సు దాకా వెళ్లి ఎక్కించి వస్తాడు.

ఆ ఏటి వానాకాలంలో మా వీధిలో ఒక్క పిల్లకీ ఆ జ్వరం రాలేదు. తర్వాత ఏళ్లలోనూ రాలేదు. ఎవరెన్ని అన్నా ఆ కాలువ వద్దని నేను అనను. మా ఆయన కూడా అనడు. ఇప్పుడాయన దేన్నీ కాదనడు.